బకెట్టు పంచాంగం

సహంల చేపల మార్కెట్టు ఎనక సందుల మా లాండ్రీ.
ముందట తలుపుకు దిష్‌దాషాలు,
ఎనక గోడకు ఏసీ డబ్బా.
దాని సన్న పైపు కింద
రంగుల బకెట్టొకటి పెట్టిన.
అదే నా పంచాంగం.

మృగశిర కార్తెల మావోళ్ళు మబ్బు దిక్కు చూసే యాళ్లకు
ఇక్కడి మొగులు కాలిన పెనం.
ఎడారి మీదికెళ్ళి గర్బీ గాలి కొడితే
ఇస్త్రీ పెట్టె చేతులున్నదో
సందంతటా ఉన్నదో తెల్వదు.
ఆ దినాలల్ల బకెట్టడుగున
పిచ్చుక ముక్కు తడిసేటన్ని నీళ్ళు.

గాలి మర్రి సముద్రం దిక్కుకెళ్ళి వచ్చిందంటే
అద్దాలకు చెమట.
ఆరేసిన బట్ట ఆరదు, అలుగుతది.
మంగలి మొషారఫ్ కత్తెరకు
రాత్రికి రాత్రే తుప్పు.
అప్పుడు బకెట్టు
పొద్దటి నమాజుకొకసారి, మాపటి నమాజుకొకసారి
నిండి పొర్లుతది.

రేడియోల డిగ్రీలు చెప్తరు.
నాకు కాలర్లు చెప్తయి.
మెడ కాడ తెల్ల గీతుంటే పొడి గాలి.
పచ్చ మరకుంటే ఉక్కపోత.
మోకాళ్ళ కాడ మట్టి కనబడ్డదా,
ఎవరో తోటల కూసున్నరు,
కాలం తిరిగిందన్నట్టు.

సందుల నా మడి ఆరు డబ్బాలు.
పుదీన, మిరప,
చొక్కా జేబుల దాగి వచ్చిన చిక్కుడు గింజ.
ఎండకాలమంతా గోడెక్కుడే గాని ఒక్క పువ్వు లేదు.
పొద్దు కురచయితే గాని పూయదు,
దాని పట్టు దానిది.

ఖమీస్ అంటే బేస్తారమని అర్థమట.
వచ్చేది మాత్రం ఐతారం నాడు.
ఏడు దిష్‌దాషాలు పెడ్తడు,
ఒక సలాం చెప్పి పోతడు.
ఒకనాడు బట్టల పక్కన
రెండు ఖాళీ డబ్బాలు పెట్టిండు.
"రాజ్, నీ ఏసీ నీళ్ళు ఏం చేస్తవు?"
రాజనర్సు ఇక్కడ రాజ్ వరకే.

ఆయన బావిలకు సముద్రం జొచ్చిందట.
తాత పెట్టిన నిమ్మచెట్లు నలభై
ఆకు అంచుల మాడుకుంట, మాడుకుంట
కట్టెలయినయట.
ఒక్క మొలక మిగిలింది, నాలుగాకులది.
దానికి ఉప్పు రుచి తెల్వని నీళ్ళు కావాలె.

బకెట్టు దిక్కు చూసిన.
ఇదీ ఆ సముద్రమే గదా.
ఉప్పు ఒడ్డునే ఇడిచి
గాలి ఈపునెక్కి ఊర్లకొచ్చి
నా పైపు మూతిల చుక్కయి దిగుతున్నది.
రెండు డబ్బాలూ నింపిచ్చిన.
పైసలియ్యబోతే గల్లా మూసిన.

మఖ కార్తె ఎల్లిపోయేటప్పుడు
తెల్లారకముందే షట్టరు కొట్టిండు.
దక్షిణం దిక్కు వేలు చూపిండు.
ఖర్జూరాల నెత్తిన, ఆరిపోబోయే దీపమోలె చుక్క.
"సుహైల్. ఇగ రాత్రులు చల్లబడ్తయి."
"మాకు అగస్త్యుడు," అన్న.
వచ్చీ రాని అరబ్బీల చెప్పిన,
సముద్రాన్ని ఔపోసన పట్టిన ముని అని.
ఖమీస్ మస్తుసేపు చుక్కనే చూసిండు.
"అట్లయితే ముందుగాల
నా బావికి రమ్మను."

ఎండ మెత్తబడ్డది.
ఊరి తోటలల్ల టమాట నారు దిగింది.
చిక్కుడుకు ఊదా పూత.
సరిగ్గ అప్పుడే సేటు ఏసీ బందు పెట్టిండు.
చెట్లకు మంచి కాలమొచ్చేసరికి
బకెట్టు అడుగు పగిలిన అద్దమోలె ఎండింది.

ఆవిరి ఇస్త్రీకి కొన్న శుద్ధి నీళ్ళల్ల నుంచి
రోజుకొక గ్లాసు పక్కకు తీస్తున్న.
సేటుకు తెల్వది.
ఖమీస్‌కు తెలుసు, అడగడు.

మొన్నటి మూటల ఒక దిష్‌దాషా జేబు
చూడకుండనే ఇస్త్రీ పెట్టె పోనిచ్చిన.
దుకాణమంతా నిమ్మ వాసన.
మొషారఫ్ సబ్బు నురగ చేతుల్తోనే వచ్చి నిలబడ్డడు.
జేబుల ఒక్క ఆకు, ఇంకా పచ్చిగనే.

నాలుగాకుల మొలక.
ఇది రాలిందా, తెంపిండా,
అయిదోది వచ్చినంక తెచ్చిండా?
ఐతారం ఇంకా మూడు దినాలుంది.
కొండల దిక్కు మబ్బు పట్టింది.
బకెట్టును పైపు కింది నుంచి జరిపి
మొగులు కిందికి తెచ్చిన.